పిల్లికి షుగర్ అన్నారు: ఏ తిండి, ఏ ఇన్సులిన్, ఏ పరీక్ష?

మా ఇంట్లో ఈ జబ్బును ముందు కనిపెట్టింది చీమలు. రాజుగాడు లిట్టర్ ట్రే దాటి నేలమీద పోసిన చోట తెల్లారేసరికి చీమలు బారులు కట్టాయి. అప్పటికే నెలరోజులుగా వాడు గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతున్నాడు. ఎండాకాలం కదా అనుకున్నాం. తిండి తగ్గలేదు, ఒళ్లు మాత్రం తగ్గింది. ఆరున్నర కిలోల పిల్లి ఐదుకి దిగింది. అమ్మ చీమల వంక చూసి "వీడికీ మీ నాన్న జబ్బేరా" అంది. నవ్వేశాం. రెండు రోజుల తర్వాత డాక్టర్ గారు కూడా అదే మాట అన్నారు.

ఇక అక్కణ్ణుంచి తలకో మాట. డ్రై ఫుడ్ మానేయమని ఒకరు, ఉడికించిన చికెనే పెట్టమని ఇంకొకరు, డాక్టర్ రాసిన సంచీ తప్ప ఏదీ ముట్టుకోవద్దని మరొకరు. మీరూ అదే అయోమయంలో ఉంటే, మేం తంటాలు పడి తెలుసుకున్నది ఇది. డోసు సంగతి మాత్రం మీ డాక్టర్ గారే తేల్చాలి.

ఎంపికల్లోకి వెళ్లేముందు రెండు మాటలు.

మొదటిది, అది నిజంగా షుగరేనా అన్నది. పిల్లి ఆసుపత్రిలో భయపడితే చాలు, జబ్బు లేకపోయినా రక్తంలో షుగర్ 300 దాటొచ్చు. అందుకే ఒక్క రీడింగ్ చూసి ఇన్సులిన్ మొదలుపెట్టరు. మూత్రంలో షుగర్ చూస్తారు, ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అది అంతకు ముందు రెండు మూడు వారాల సగటు చెబుతుంది, ఆ పూట టెన్షన్‌ని లెక్కలోకి తీసుకోదు. ఈమధ్య దురదకో, చిగుళ్ల వాపుకో స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేయించి ఉంటే అదీ చెప్పండి. స్టిరాయిడ్ వల్ల వచ్చిన షుగర్, అది ఆపాక తగ్గిపోయిన పిల్లులు ఉన్నాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇన్సులిన్ మొదలయ్యాక మీ అంతట మీరు తిండి మార్చకండి. పిండి పదార్థం తగ్గగానే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. డోసు మాత్రం పాతదే నడిస్తే షుగర్ మరీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. తిండి మారుతోందంటే డాక్టర్ గారికి ముందే తెలియాలి, ఆ రోజుల్లో ఇంట్లో షుగర్ చూస్తుండాలి.

## తిండిని దేనితో కొలవాలి

పిల్లి అచ్చంగా మాంసాహారి. పిండి పదార్థం ఒక్కసారిగా మీదపడితే సర్దుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. కాబట్టి షుగర్ ఉన్న పిల్లికి మొదటి కొలత పిండి పదార్థమే. తినే కేలరీల్లో దాని వాటా 12 శాతం లోపు ఉంటే మంచిదని డాక్టర్లు చెబుతారు.

చిక్కేమిటంటే ప్యాకెట్ మీద ఆ అంకె ఉండదు. మనమే లెక్క కట్టుకోవాలి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (ప్యాకెట్ మీద 'యాష్', అంటే ఖనిజాలు) కలిపి నూటిలోంచి తీసేస్తే మిగిలింది పిండి. బూడిద అంకె ప్యాకెట్ మీద లేకపోతే డ్రై ఫుడ్‌కి 8, తడి తిండికి రెండున్నర అనుకోండి. తర్వాత ప్రోటీన్‌నీ పిండినీ మూడున్నరతో, కొవ్వును ఎనిమిదిన్నరతో గుణిస్తే కేలరీలు వస్తాయి.

ఓ మామూలు డ్రై ఫుడ్ తీసుకుందాం: ప్రోటీన్ 32, కొవ్వు 12, పీచు 4, తేమ 10, బూడిద 8. మిగిలిన పిండి 34. కేలరీలు 112, 102, 119, మొత్తం 333. అందులో పిండి వాటా దాదాపు 36 శాతం. ఇప్పుడొక తడి తిండి పౌచ్: ప్రోటీన్ 11, కొవ్వు 4, పీచు అర, తేమ 80, బూడిద రెండున్నర. మిగిలిన పిండి 2, కేలరీల్లో దాని వాటా 9 శాతం లోపే. పౌచ్ అయినంత మాత్రాన సరిపోదు సుమా. ప్రోటీన్ 9, కొవ్వు 2, పీచు 1, తేమ 83 ఉన్న పల్చటి గ్రేవీలో పిండి రెండున్నరే కనిపిస్తుంది, కేలరీల్లో మాత్రం 15 శాతం అవుతుంది. అంకె చిన్నగా ఉందని మోసపోకూడదు. ప్యాకెట్ మీద వేసేవి కనీసం ఇంత, గరిష్ఠం అంత అనే అంకెలు కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే. అయినా 36కీ 9కీ తేడా తెలియడానికి అది చాలు.

రెండో కొలత, అది పూర్తి ఆహారమా కాదా. ప్యాకెట్ మీద 'కంప్లీట్' అని ఉంటే రోజూ అదొక్కటే పెట్టినా సరిపోతుంది. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది నంజుకోవడానికే. అచ్చం చేపముక్కలు కనిపించే చిన్న టిన్నులు చాలావరకు ఈ రెండో రకం.

మూడోది, పిల్లి దాన్ని తింటుందా. ఇది మూడో స్థానంలో రాశాను గానీ అసలు ఆటంతా ఇక్కడే. లావుపాటి పిల్లి ఒకట్రెండు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. "ఆకలేస్తే అదే తింటుందిలే" అనే పంతం పిల్లల దగ్గర చెల్లుతుందేమో, పిల్లుల దగ్గర చెల్లదు.

నాలుగోది, అదే తిండిని అంతే కొలతలో, రోజూ అదే వేళకి మీరు పెట్టగలరా. ఇన్సులిన్ డోసు నిలబడేది ఆ నిలకడ మీదే.

## నాలుగు దారులు

డ్రై ఫుడ్. చవక, చెడిపోదు, ఆఫీసుకెళ్లేవాళ్లకి సుఖం. కానీ గింజగా గట్టిపడాలంటే పిండి ఉండాలి, అదే దాని గుణం. నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు కావాలి. పై లెక్కలోని డ్రై ఫుడ్ అయితే 60 గ్రాములు, అందులో పిండి 20 గ్రాములు. పౌచ్‌తో అవే కేలరీలు ఇస్తే పిండి ఐదారు గ్రాములకు మించదు. మామూలు డ్రై ఫుడ్‌ని రోజంతా గిన్నెలో వదిలేసే అలవాటు ఉంటే మానాల్సింది ముందు అదే. గ్రెయిన్ ఫ్రీ అని రాసుంటే పిండి లేదని కాదు, బియ్యం బదులు బంగాళదుంపో బఠాణీయో వేసి ఉండొచ్చు.

పౌచ్‌లు, టిన్నులు. మామూలుగా నా ఓటు వీటికే. పిండి తక్కువ, మూత్రం ఎక్కువగా పోసే పిల్లికి తేమ కూడా అందుతుంది, అదే బరువుకి కేలరీలు తక్కువ కాబట్టి లావు పిల్లికి కడుపు నిండుతుంది. గ్రేవీ చిక్కబడటానికి పిండి కలుపుతారు కాబట్టి గ్రేవీ కంటే ముద్దలా ఉండే రకం మేలు. కష్టం ఖర్చు దగ్గర. 85 గ్రాముల పౌచ్‌లో 50 నుంచి 70 కేలరీలే ఉంటే రోజుకి మూడు నాలుగు పౌచ్‌లు కావాలి. తెరిచింది మన ఎండల్లో గిన్నెలో ఎక్కువసేపు ఉంచలేం. సగం వాడిన పౌచ్‌ని ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాతి పూట వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి ఇస్తే వాసన లేచి తింటుంది. చల్లటిదాన్ని మావాడు వాసన చూసి, కప్పెట్టడానికన్నట్టు నేలమీద గీరి వెళ్లిపోయేవాడు.

ఇంట్లో వండినది. మనవాళ్ల మనసు ముందు ఇటే పోతుంది, తప్పేం కాదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌లో పిండి దాదాపు ఉండదు. ఆ ఒక్క కొలత చూస్తే దీన్ని కొట్టింది లేదు. రెండో కొలత దగ్గరే బోల్తా పడుతుంది. ఎముకల్లేని మాంసంలో కాల్షియం చాలదు. టారిన్ అనే పదార్థం పిల్లికి తిండిలోనే రావాలి. అది చాలకపోతే నెలల తరబడి ఏమీ కనిపించకుండానే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది. ఉడికించిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది, మనం ఆ నీళ్లే పారబోస్తాం. కాలేయం బలమని రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై ఎముకలు దెబ్బతింటాయి. ఎండుచేపల్లో ఉప్పు. ఉల్లి, వెల్లుల్లి అయితే విషమే, కూరలోంచి ముక్క తీసి కడిగినా వద్దు.

ఇంటి వంటే కావాలనుకుంటే పశువైద్య పోషకాహారం తెలిసినవాళ్ల చేత కొలతలు రాయించుకుని, అందులో చెప్పిన మందులు గ్రాము తేడా లేకుండా కలపాలి. అంత ఓపిక లేకపోతే పూర్తి ఆహారం పౌచ్‌లో ఇచ్చి, రోజు కేలరీల్లో పదో వంతుకు మించకుండా చికెన్ పెట్టండి. మేం చేసేది అదే. సూది వేసే వేళకి ఆ చికెన్ ముక్క లంచంగా పనికొస్తుంది.

ఇంటి తిండి అంటే పెరుగన్నం, పాలన్నం అనుకునే ఇళ్లకి ఒక మాట. అన్నం పిండి, పాలలో ఉన్నది చక్కెర. పిల్లి కళ్లు మూసుకుని తాగేటప్పుడు మనమూ కళ్లు మూసుకోకూడదు.

డాక్టర్ రాసే తిండి. ప్యూరినా డీఎం, హిల్స్ ఎం/డీ, రాయల్ కానిన్ డయాబెటిక్ లాంటివి. నిలకడ వీటి బలం: ఏ సంచీ కొన్నా అదే కొలత, పోషకాలన్నీ ఉంటాయి. డ్రై తప్ప ఇంకేదీ ముట్టని పిల్లికి ఇవే మంచి దారి. కానీ పేరు చూసి నిశ్చింత పడకండి, వీటిలోనూ డ్రై రకానికీ తడి రకానికీ పిండిలో తేడా ఉంటుంది, పై లెక్క వేసి చూడాల్సిందే. ఖరీదు ఎక్కువ. మీ ఊళ్లో ఎప్పుడూ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. సంచీ అయిపోయాక స్టాకు లేదంటే, ఇన్సులిన్ నడుస్తున్న పిల్లికి రాత్రికి రాత్రి తిండి మార్చాల్సి వస్తుంది.

| | పిండి | పూర్తి ఆహారమేనా | నీళ్ల శాతం | ఖర్చు | మన పని |
|---|---|---|---|---|---|
| మామూలు డ్రై | ఎక్కువ | అవును | దాదాపు 10 | తక్కువ | కొలిచి పోయడమే |
| పౌచ్, టిన్ను | చాలావాటిలో తక్కువ, చూసి కొనాలి | 'కంప్లీట్' అని ఉంటేనే | దాదాపు 80 | ఎక్కువ | పూటపూటా తెరవాలి |
| ఇంటి వంట | దాదాపు లేదు | కాదు, కలపాల్సినవి కలిపితేనే | ఎక్కువ | మధ్యస్థం | చాలా |
| డాక్టర్ రాసే డ్రై | మామూలు డ్రై కంటే తక్కువ | అవును | తక్కువ | ఎక్కువ | కొలిచి పోయడమే |

ఏది ఎంచుకున్నా పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి.

## మీ ఇల్లు ఎలాంటిది

ఉదయం వెళ్లి రాత్రి వచ్చే ఉద్యోగం అయితే, ఇన్సులిన్ వేళ ఉదయం ఏడు, రాత్రి ఏడు అనుకుని ఆ రెండు పూటలా తడి తిండి పెట్టండి. మధ్యలో ఆకలికి టైమర్ గిన్నెలో డాక్టర్ రాసిన డ్రై కొలిచి పెట్టొచ్చు, రోజూ అదే కొలత అయితే. ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఉంటే పని సులువవుతుంది, ప్రమాదమూ ఉంటుంది: "పాపం మొహం చూడు" అంటూ బిస్కెట్ ముక్క పడుతుంది. మేం ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాం. సూది వేసినవాళ్లు టైము రాయాలి. రెండుసార్లు వేసేయడం అనే పొరపాటుకి దీనికి మించిన మందు లేదు.

రెండు మూడు పిల్లులు ఉన్న ఇంట్లో వేర్వేరు తిండి నడపడం కష్టం. కూన, బాలింత, వేరే జబ్బున్నది లేకపోతే పిండి తక్కువున్న తడి తిండినే అందరికీ కొలిచి పెట్టేయండి, మిగతావాటికి దానివల్ల చెరుపు లేదు.

మాంసం వండని ఇళ్లలో చాలామంది అడిగేది, కూరగాయలతో నడపలేమా అని. పిల్లికి నడవదు. వంటింట్లోకి రానక్కర్లేని పౌచ్ మీకు సరైనది.

పిల్లి లావుగా ఉంటే మెల్లగా తగ్గించాలి, వారానికి ఒక శాతం బరువు తగ్గితే చాలు. చిక్కి శల్యమైన పిల్లికి కేలరీలు తగ్గించకూడదు, రకం మార్చాలి అంతే. కిడ్నీ జబ్బు కూడా ఉంటే నేను పైన చెప్పిన వరస తలకిందులవుతుంది. అక్కడ ఫాస్ఫరస్ ముందు, పిండి తర్వాత. ఆ తూకం డాక్టర్ గారికే వదిలేయండి.

## ఇన్సులిన్

పిల్లులకి ఎక్కువగా వాడేది గ్లార్జిన్, మనుషులకి ఇచ్చేదే. నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. రోజుకి రెండుసార్లు, 12 గంటల ఎడం. జంతువుల కోసమే తయారైన రకాలూ ఉన్నాయి, అవి దొరికే చోట మంచివే. నాన్న ఫ్రిజ్‌లో ఉన్న 30/70 మిక్స్ మాత్రం ముట్టుకోవద్దు, అందులో త్వరగా పనిచేసే ఇన్సులిన్ కలిసి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం సిరంజి దగ్గర. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు గాఢతల్లో అమ్ముతారు. మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి. గ్లార్జిన్ సీసా 100ది. దాన్ని ఎర్ర మూత సిరంజితో ఒక గీత వరకు లాగితే ఒళ్లోకి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. పిల్లులకి మొదలుపెట్టే డోసు చాలాసార్లు ఒక యూనిట్టే, కాబట్టి ఆ తేడా ఎంతో మీరే ఊహించుకోండి. మందుల షాపులో "ఏదైనా ఒకటేనండీ" అంటూ నా చేతిలో ఎర్ర మూతది పెట్టారు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూసుకోవడం అప్పట్నుంచి అలవాటైంది. అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల సిరంజి దొరికితే అదే కొనండి.

సూది గురించి భయపడకండి. అది వెంట్రుకంత సన్నం. రాజుగాడు తింటూనే వేయించుకుంటాడు.

మాత్రలు లేవా? అమెరికాలో పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్‌కి 2022 డిసెంబర్‌లో, వెలాగ్లిఫ్లోజిన్‌కి 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది (రెండోది మాత్ర కాదు, నోట్లో పోసే ద్రవం). అక్కడున్న మనవాళ్లు వాటి గురించి డాక్టర్‌ని అడగొచ్చు. సూది లేకపోవడం పెద్ద సుఖమే. కానీ అవి అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకి కాదు. పైగా షుగర్ అంకె బాగానే ఉన్నా ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే, ఎక్కువైతే విషమయ్యే పదార్థాలు) పెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, తిండి మానేసిన పిల్లిని ఒక్కరోజు కూడా అలా వదలకూడదు. మనుషుల షుగర్ మాత్రలు పిల్లికి సొంతంగా వేయడం మాత్రం ఎక్కడున్నా వద్దు.

## షుగర్ చూడటం

చెవి అంచున చిన్న పోటు, గ్లూకోమీటర్. నా ఎంపిక ఇదే. ముందు గోరువెచ్చటి గుడ్డతో చెవిని కాపితే రక్తం సులువుగా వస్తుంది. మొదటి వారం నాలుగు స్ట్రిప్పులు పాడైతే ఒకటి పనికొచ్చింది, తర్వాత చేయి తిరిగింది. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి ఏ మీటరు వాడుతున్నారో డాక్టర్ గారికి చెప్పి, ఎప్పుడూ అదొక్కటే వాడండి.

మూత్రపు స్ట్రిప్పులు చవకే గానీ, షుగర్ పడిపోతోందన్న సంగతి చెప్పలేవు. వాటితో డోసు దిద్దకూడదు. కీటోన్లు చూడటానికి మాత్రం ఇంట్లో ఒక డబ్బా ఉండాలి. మనుషులు చేతికి అంటించుకునే 14 రోజుల సెన్సార్‌ని పిల్లి ఒంటిమీద బొచ్చు గీసి అంటించొచ్చు. పోటు తట్టుకోలేని పిల్లికి, డోసు సరిచూసే రోజులకి అది వరం. కానీ చాలా పిల్లులు గడువు కంటే ముందే పీకేసుకుంటాయి, డబ్బులు పోతాయి. ఆసుపత్రిలో రోజంతా ఉంచి చూసే పద్ధతి ఉంది గానీ, భయస్తురాలైన పిల్లికి అక్కడి అంకెలు నమ్మలేం.

## ఇది మాత్రం గోడకి అంటించుకోండి

తూలుతూ నడవడం, మూలన నక్కడం, ఒళ్లు వణకడం, ఫిట్స్: షుగర్ పడిపోయిన గుర్తులు. మామూలు మీటరులో 60 లోపు చూపిస్తే ఆగకూడదు. తినగలిగితే వెంటనే తిండి. తినలేకపోతే తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ వేలితో చిగుళ్లకి రాయండి, నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే పళ్ల మధ్య వేలు పెట్టకండి, పెదవి లోపలివైపు రాస్తే చాలు. వెంటనే ఆసుపత్రి.

వాంతులు, తిండి మానేయడం, నీరసం, నోట్లోంచి గోళ్ల రంగు తుడిచే మందు వాసన: ఇది కీటోన్ల వైపు. అదీ అదే పూట ఆసుపత్రే.

పిల్లి తినని పూట మామూలు డోసు వేసేయకండి, పూర్తిగా మానేయకండి, డాక్టర్ గారికి ఫోన్ చేయండి. రాత్రిపూట ఎత్తే నంబరు ఏదో ఇవాళే అడిగి పెట్టుకోండి.

తొందరగా గుర్తించి తిండీ ఇన్సులిన్ రెండూ సరిగ్గా కుదిరితే, కొన్ని నెలల్లో ఇన్సులిన్ అక్కర్లేని స్థితికి వచ్చే పిల్లులు ఉన్నాయి. తర్వాత మళ్లీ షుగర్ తిరగబెట్టేవీ ఉన్నాయి. రాజుగాడికి ఇప్పుడు ఒకటి నుంచి అర యూనిట్‌కి దిగింది. లిట్టర్ ట్రే పక్కన చీమలు లేవు. రోజూ పొద్దున అమ్మ ముందు అక్కడే చూస్తుంది, తర్వాతే కాఫీ.